క్లాష్‌లు తెగని పరీక్షల టైమ్‌టేబుల్: జెనెటిక్ అల్గారిదమ్ పక్కన పెట్టి ఏం చేయాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. 400 పేపర్లు, 12,000 మంది విద్యార్థులు, 15 రోజులు, రోజుకు రెండు పూటల చొప్పున 30 స్లాట్లు. జెనెటిక్ అల్గారిదమ్ (చాలా టైమ్‌టేబుళ్లను ఒకేసారి ఉంచుకుని, వాటిని కలుపుతూ మారుస్తూ మంచిదాన్ని వెతికే పద్ధతి) రాసి రాత్రంతా నడిపారు. తెల్లారి చూస్తే ఇంకా వందకు పైగా క్లాష్‌లు, అంటే ఒకే విద్యార్థికి ఒకే స్లాట్‌లో రెండు పరీక్షలు పడటం, మిగిలే ఉన్నాయి. పాపులేషన్ (ఒకేసారి ఉంచుకునే టైమ్‌టేబుళ్ల సంఖ్య) పెంచాలా, మ్యుటేషన్ (యాదృచ్ఛికంగా చేసే చిన్న మార్పు) రేటు మార్చాలా, లేక వేరే అల్గారిదమ్‌కి వెళ్లాలా అని అడిగారు. టైమ్‌టేబుల్ ప్రకటించాక మార్పులు వస్తే ఏం చేయాలన్నది మీ రెండో ప్రశ్న.

పరీక్షల షెడ్యూలింగ్ ప్రోగ్రాములు చాలా ఏళ్లుగా రాస్తున్నాను కాబట్టి సూటిగానే చెబుతాను. పాపులేషన్, మ్యుటేషన్ రెండూ ముట్టుకోకండి. వాటిని ఎంత మార్చినా ఈ క్లాష్‌లు పోవు. లోపం మీ సెట్టింగుల్లో లేదు, రెండు టైమ్‌టేబుళ్ల ముక్కలు కలిపి కొత్తదాన్ని పుట్టించే క్రాసోవర్ చేసే పనిలోనే ఉంది.

మీ దగ్గర రెండు మంచి టైమ్‌టేబుళ్లు ఉన్నాయనుకుందాం. మొదటిదాంట్లో గణితం సోమవారం, గణాంకశాస్త్రం మంగళవారం. రెండోదాంట్లో అదే తిరగేసి ఉంది: గణాంకశాస్త్రం సోమవారం, గణితం మంగళవారం. దేంట్లోనూ క్లాష్ లేదు. ఇప్పుడు క్రాసోవర్ చేశారు. గణితం మొదటిదాని నుంచి, గణాంకశాస్త్రం రెండోదాని నుంచి వచ్చాయి. రెండూ సోమవారమే పడ్డాయి. రెండు మంచి టైమ్‌టేబుళ్లు కలిసి ఒక పనికిరానిదాన్ని తయారుచేశాయి. 400 పేపర్లలో ఇలాంటి జంటలు వేలల్లో ఉంటాయి. ఒక పేపరు ఫలానా రోజున పడిందన్న దానికన్నా, ఏయే పేపర్లు ఒకే స్లాట్‌లో కలిసి ఇమిడాయన్నదే టైమ్‌టేబుల్‌లో విలువైన సంగతి. క్రాసోవర్ సరిగ్గా దాన్నే చెడగొడుతుంది. ఇది పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. 1990ల మధ్యలో బర్క్, న్యూవాల్, వేర్ ఇదే సమస్యకు మెమెటిక్ అల్గారిదమ్ (జెనెటిక్ పద్ధతికి చిన్న చిన్న మెరుగుదలల వెతుకులాట జోడించినది) రాసినప్పుడు భారమంతా మ్యుటేషన్, హిల్ క్లైంబింగ్ (మెరుగయ్యే మార్పులనే ఒప్పుకుంటూ పోవడం)ల మీదే వేశారు.

కాబట్టి దారి మార్చండి. ముందు క్లాష్ లేని టైమ్‌టేబుల్ ఒకటి కట్టండి, అది ఎంత వికారంగా ఉన్నా పరవాలేదు. ఆ తర్వాత క్లాష్ రాకుండానే దాన్ని మెల్లగా మెరుగు చేసుకుంటూ వెళ్లండి. ఈ రెండు దశల మధ్య గోడ కట్టినట్టు ఉండాలి. క్లాష్‌లు, పరీక్షల మధ్య ఎడం, హాళ్లు అన్నీ ఒకే ఫిట్‌నెస్ ఫంక్షన్‌లో (టైమ్‌టేబుల్ ఎంత మంచిదో చెప్పే ఒకే స్కోరులో) కలిపేసి బరువులు సర్దుకుంటూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి, పని తెమలదు.

ఇది మూలంలో గ్రాఫ్ కలరింగ్ సమస్య. ఒక్కో పేపరు ఒక బిందువు. రెండు పేపర్లకూ ఉమ్మడిగా ఒక్క విద్యార్థి ఉన్నా రెండు బిందువుల మధ్య గీత గీయాలి. గీత ఉన్న రెండు బిందువులకు ఒకే రంగు పడకూడదు. రంగు అంటే మనకు స్లాట్. కనీసం ఎన్ని రంగులు కావాలో తేల్చడం ఎన్‌పీ-హార్డ్ (వేగంగా తేల్చే పద్ధతి ఏదీ ఇంతవరకు తెలియనిది) అని 1972లో రిచర్డ్ కార్ప్ చూపిన జాబితా నుంచే మనకు తెలుసు. మీ లెక్కే చూడండి: 400 పేపర్లను 30 స్లాట్లలో వేసే విధాల సంఖ్య రాస్తే 591 అంకెలు వస్తుంది. అన్నీ ప్రయత్నించి చూడటం కుదరదు, అందుకే హ్యూరిస్టిక్, అంటే గ్యారంటీ లేకపోయినా సాధారణంగా మంచి జవాబిచ్చే ఉపాయం.

అల్గారిదమ్ సంగతికి వచ్చేముందు డేటా గురించి చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన వైఫల్యాల్లో ఎక్కువ భాగం అక్కడివే. క్లాష్ పట్టికను సిలబస్ పుస్తకం చూసి కట్టకండి, అసలు రిజిస్ట్రేషన్ల నుంచి కట్టండి. కోర్సు నిర్మాణం ప్రకారం ఈ రెండు పేపర్లు ఎవరూ కలిపి రాయరని పరీక్షల విభాగంలో ఎంత గట్టిగా చెప్పినా, రాసేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లు బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు, మధ్యలో బ్రాంచి మారినవాళ్లు, అదనపు కోర్సు తీసుకున్నవాళ్లు.

ఒకసారి నాకే ఎదురైన అనుభవం చెబుతాను. ఒక యూనివర్సిటీకి టైమ్‌టేబుల్ చేసి ఇచ్చాం. క్లాష్‌లు సున్నా, ఎడం బాగుంది, అందరూ సంతోషించారు. పరీక్షలు మొదలయ్యాక మూడో రోజున ఒక అధ్యాపకుడు ఫోన్ చేశారు. పాత రెగ్యులేషన్‌లో ఒక కోడ్, కొత్త రెగ్యులేషన్‌లో మరో కోడ్ ఉన్న ఒకే సబ్జెక్టుకు ఆయన ఒకే ప్రశ్నపత్రం ఇచ్చారు. మా ప్రోగ్రాము దృష్టిలో అవి రెండు వేర్వేరు పేపర్లు. ఒకటి ఆ రోజు ఉదయం అయిపోయింది, రెండోది మర్నాడు ఉంది. రాత్రికి రాత్రి కొత్త ప్రశ్నపత్రం తయారుచేయాల్సి వచ్చింది. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి నేను అడిగే మొదటి ప్రశ్న: ఒకే ప్రశ్నపత్రం ఉన్న కోడ్‌లు ఏవి? వాటిని కలిపి ఒకే బిందువు చేయాలి, గీతలన్నీ దానికే చేరాలి. ఈ జాబితా ఏ డేటాబేస్‌లోనూ సిద్ధంగా ఉండదు. విభాగాల వారీగా మనుషులను అడిగి రాయించుకోవాల్సిందే.

పట్టిక కట్టేటప్పుడు గీత ఉందా లేదా అన్నది మాత్రమే కాదు, ఎంతమంది ఉమ్మడిగా ఉన్నారో ఆ సంఖ్య కూడా దాచండి. 400 పేపర్లకు జంటలు 79,800. ఇదంతా మెమరీలో చిటికెలో పట్టేస్తుంది. ఈ సంఖ్య తర్వాత రెండు చోట్ల ప్రాణంలా పనికొస్తుంది.

పట్టిక చేతికొచ్చాక వెంటనే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఒకదానితో ఒకటి అన్నీ క్లాష్ అయ్యే పేపర్ల గుంపు, అంటే క్లిక్, ఎంత పెద్దది ఉందో వెతకండి. ఒక విద్యార్థి ఆరు పేపర్లు రాస్తుంటే ఆ ఆరూ ఆరు స్లాట్లు అడుగుతాయి, అది చిన్న క్లిక్. బ్యాక్‌లాగ్‌ల వల్ల మొదటి సంవత్సరం పేపర్లూ రెండో సంవత్సరం పేపర్లూ ముడిపడితే ఈ గుంపు పెద్దదవుతుంది. ఒక్కో పేపరు దగ్గర మొదలుపెట్టి, ఇప్పటికే గుంపులో ఉన్నవాటన్నిటితో గీత ఉన్న పేపర్లను ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోతే సెకన్లలో మంచి అంచనా దొరుకుతుంది. మీకు 31 పేపర్ల క్లిక్ దొరికిందంటే 30 స్లాట్లలో టైమ్‌టేబుల్ ఏ అల్గారిదమ్‌తోనూ సాధ్యం కాదు. మీరు రాత్రంతా నడిపిన ప్రోగ్రాము అసాధ్యమైన దానికోసం వెతికి ఉండొచ్చు కూడా. క్లిక్ చిన్నదే ఉంటే సాధ్యమని గ్యారంటీ లేదు, కానీ వెతకడానికి అర్థం ఉంటుంది.

క్లిక్ పెద్దదిగా వస్తే, దాన్ని కలుపుతున్న గీతల్లో ఒక్క విద్యార్థి వల్ల వచ్చినవి ఎన్నో చూడండి. చాలాసార్లు పదిమంది విద్యార్థులే మొత్తం టైమ్‌టేబుల్‌ను బిగించేస్తుంటారు. వాళ్లకు విడిగా పరీక్ష పెట్టాలా, ఇంకో రెండు స్లాట్లు తీసుకోవాలా అన్నది పరీక్షల విభాగం నిర్ణయం. దయచేసి ఆ గీతలను మీరే ప్రోగ్రాములో చెరిపేయకండి. పట్టికలో 1 అని కనిపించేది అక్కడ ఒక మనిషి ఏడాది.

ఇక నిర్మాణం. వెల్ష్, పావెల్ 1967లో చెప్పిన పద్ధతి అందరికీ మొదట తట్టేదే: ఎక్కువ క్లాష్‌లున్న పేపరు ముందు, తక్కువ ఉన్నది తర్వాత, ఒక్కోదాన్ని దొరికిన మొదటి స్లాట్‌లో పెట్టుకుంటూ పోవడం. వాళ్లు ఆ పద్ధతిని టైమ్‌టేబుళ్ల కోసమే ప్రస్తావించారు కూడా. అది పనిచేస్తుంది గానీ 1979లో డేనియల్ బ్రెలాజ్ ఇచ్చిన డీశాటర్ దానికన్నా ఎంతో మేలు. తేడా ఒక్క మాటలో: క్రమాన్ని ముందే రాసిపెట్టుకోకుండా, ఈ క్షణంలో ఏ పేపరుకు దారులు ఎక్కువగా మూసుకుపోయాయో దాన్ని ముందు పెట్టాలి.

చిన్న ఉదాహరణ కాగితం మీద గీసి చూడండి. ఆరు పేపర్లు. గణితానికి గణాంకశాస్త్రంతోనూ ప్రోగ్రామింగ్‌తోనూ క్లాష్. భౌతికశాస్త్రానికి ఎకనామిక్స్‌తోనూ ప్రోగ్రామింగ్‌తోనూ. రసాయనశాస్త్రానికి ఎకనామిక్స్‌తోనూ గణాంకశాస్త్రంతోనూ. ప్రతి పేపరుకూ సరిగ్గా రెండేసి క్లాష్‌లే, కాబట్టి ఎక్కువ క్లాష్‌లున్నది ముందు అన్న నియమం ఇక్కడ ఏమీ చెప్పలేదు. జాబితాలో ఉన్న వరుసలో వేశామనుకోండి. గణితం ఒకటో స్లాట్. ఎకనామిక్స్‌కు గణితంతో పేచీ లేదు, అదీ ఒకటో స్లాటే. భౌతికశాస్త్రానికి ఎకనామిక్స్ అడ్డం, రెండో స్లాట్. గణాంకశాస్త్రానికి గణితం అడ్డం, రెండో స్లాట్. రసాయనశాస్త్రానికి ఒకటిలో ఎకనామిక్స్, రెండులో గణాంకశాస్త్రం అడ్డం, మూడో స్లాట్. ప్రోగ్రామింగ్‌కీ అదే గతి. మూడు స్లాట్లు అయ్యాయి.

ఇప్పుడు డీశాటర్. గణితం ఒకటో స్లాట్. దానివల్ల ఒక స్లాట్ మూసుకుపోయినవి గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్. అందుకని ముందు అవే, రెండూ రెండో స్లాట్. వీటివల్ల రెండో స్లాట్ మూసుకుపోయినవి భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం. అవి రెండూ ఒకటో స్లాట్. చివరికి మిగిలిన ఎకనామిక్స్ రెండో స్లాట్. రెండు స్లాట్లతో సరిపోయింది. ఆరు పేపర్లలోనే మూడో వంతు స్లాట్లు ఆదా అయ్యాయి. మీ 400లో ఇంత కొట్టొచ్చినట్టు కనిపించకపోవచ్చు, కానీ 33 స్లాట్లు వచ్చే చోట 29 రావడానికి కారణం సాధారణంగా ఇదే.

ఎక్కడైనా ఒక పేపరుకు స్లాటే దొరక్కపోతే ప్రోగ్రామును మొదటికి తేకండి. ఆ పేపరుకు అతి తక్కువ అడ్డున్న స్లాట్ చూసి, అక్కడున్న అడ్డు పేపర్లను బయటికి తీసి, దీన్ని పెట్టి, తీసినవాటిని మళ్లీ క్యూలో వేయండి. ఒకే రెండు పేపర్లు ఒకదాన్నొకటి గెంటుకుంటూ తిరగకుండా, ఒక్కో పేపరు ఎన్నిసార్లు బయటికి వచ్చిందో లెక్క పెట్టి, ఎక్కువసార్లు వచ్చినదాన్ని తీయడం కష్టం చేయండి. బర్క్, న్యూవాల్ 2004లో దీనికి దగ్గరి ఆలోచనే ఒకటి చూపారు: ఒక విడతలో చోటు దొరకని పేపరు కష్టాన్ని పెంచి, తర్వాతి విడతలో దాన్ని ముందుకు జరపడం. రెండూ ప్రయత్నించాను, రెండూ బాగుంటాయి. మీ పరిమాణానికి సాధ్యమైన టైమ్‌టేబుల్ ఉంటే, ఈ దశ నిమిషాల్లోనే పూర్తవ్వాలి. అవ్వకపోతే మళ్లీ డేటా వైపు చూడండి.

రెండో దశకు ముందు మంచి టైమ్‌టేబుల్ అంటే ఏమిటో అంకెల్లో చెప్పుకోవాలి. కార్టర్, లాపోర్ట్, లీ 1996లో పెట్టిన కొలత ఈ రంగంలో అందరూ వాడేది. ఒక విద్యార్థి రెండు పరీక్షల మధ్య ఎడం ఒక స్లాట్ అయితే 16 పాయింట్ల జరిమానా, రెండైతే 8, మూడైతే 4, నాలుగైతే 2, ఐదైతే 1, ఆపైన సున్నా. అందరివీ కూడి విద్యార్థుల సంఖ్యతో భాగిస్తారు. 1, 2, 5 స్లాట్లలో పరీక్షలున్న విద్యార్థికి 16, 4, 2 కలిపి 22. లెక్క సులభం. ప్రోగ్రామును సరిచూసుకోవడానికి వాళ్లు పెట్టిన 13 టొరంటో డేటా సెట్లు ఉన్నాయి. 81 పేపర్లు, 18 స్లాట్లు ఉన్న హెచ్‌ఈసీ అనేదానితో మొదలుపెట్టండి. ఒక హెచ్చరిక: వీటిలో కొన్ని ఒకే పేరుతో రెండు రూపాల్లో తిరుగుతున్నాయని 2009లో వచ్చిన ఒక సమీక్ష ఎత్తిచూపింది. మీ ఫలితాన్ని ఇంకొకరి ఫలితంతో పోల్చేముందు పేపర్ల సంఖ్య, రిజిస్ట్రేషన్ల సంఖ్య రెండూ సరిచూసుకోండి.

అయితే ఈ కొలతను మీ యూనివర్సిటీకి ఉన్నదున్నట్టు వాడొద్దంటాను. అందులో స్లాట్లకు వరుస సంఖ్యలే ఉంటాయి, రాత్రి అనేది లేదు. ఉదయం ఒకటి, అదే మధ్యాహ్నం ఇంకొకటి రాయడమూ, మధ్యాహ్నం ఒకటి రాసి ఇంటికెళ్లి నిద్రపోయి మర్నాడు ఉదయం ఇంకొకటి రాయడమూ దాని లెక్కలో సమానమే. రాసేవాళ్లకు సమానం కాదు. మీలా రోజుకు రెండు పూటలుంటే నేను ఇలా పెడతాను: ఒకే రోజు రెండూ ఉంటే 16, మధ్యాహ్నం తర్వాత మర్నాడు ఉదయమైతే 8, వరుసగా రెండు రోజుల్లో మిగతా ఏ పూటలైనా 4, మధ్యలో ఒక పూర్తి రోజు ఖాళీ ఉంటే 1. ఈ అంకెలు వేదవాక్కు కాదు. పరీక్షల కమిటీ ముందు పెట్టి, ఒకే రోజు రెండు పరీక్షలున్న విద్యార్థి ఒకరూ, మధ్యాహ్నం-మర్నాడు ఉదయం పడిన విద్యార్థులు ఇద్దరూ మీకు సమానమేనా అని అడగండి. జవాబును బట్టి మార్చండి.

ఇప్పుడు అసలు విషయం, కదలికలు. ఏ అల్గారిదమ్ అన్న ప్రశ్న మీద జనం పెట్టే శ్రద్ధలో సగం కదలికల మీద పెడితే ఫలితాలు వేరేలా ఉండేవి. ఒక పేపరును వేరే స్లాట్‌కు జరపడం అందరూ రాసే కదలిక. కానీ టైమ్‌టేబుల్ బిగుతుగా ఉన్నప్పుడు జరపబోయిన ప్రతిచోటా ఏదో ఒక క్లాష్ తగులుతుంది, సెర్చ్ అక్కడే గడ్డకట్టుకుపోతుంది. దాన్ని విడిపించేది కెంపే చైన్.

రసాయనశాస్త్రం సోమవారం ఉదయం ఉంది, గురువారం ఉదయానికి జరపాలనుకున్నారు. గురువారం జీవశాస్త్రం ఉంది, దానికీ దీనికీ క్లాష్. సరే, జీవశాస్త్రాన్ని సోమవారానికి పంపండి. సోమవారం జన్యుశాస్త్రం ఉంది, జీవశాస్త్రానికి దానితో క్లాష్. జన్యుశాస్త్రాన్ని గురువారానికి పంపండి. గురువారం మిగిలింది తత్వశాస్త్రం, దానికీ జన్యుశాస్త్రానికీ ఉమ్మడి విద్యార్థులు లేరు. గొలుసు అక్కడ ఆగింది. సోమవారమే ఉన్న చరిత్ర పేపరు అసలు కదల్లేదు. మూడు పేపర్లు చోటు మారాయి, కొత్త క్లాష్ ఒక్కటీ రాలేదు. గొలుసు ఎక్కడ ఆగినా క్లాష్ రాదని గణితపరంగానే హామీ ఉంది. మీరు చూసుకోవాల్సింది సీట్లు సరిపోతాయా, కదలకూడని పేపరు ఏదైనా గొలుసులో చిక్కుకుందా అన్నవే. ఆల్ఫ్రెడ్ కెంపే ఈ గొలుసును 1879లో నాలుగు రంగుల సమస్యకు (పక్కపక్క ప్రాంతాలకు ఒకే రంగు పడకుండా ఏ మ్యాప్‌కైనా నాలుగు రంగులు చాలన్నదానికి) రుజువు ఇస్తూ వాడాడు. ఆ రుజువులో లోపాన్ని 1890లో హీవుడ్ పట్టుకున్నాడు. రుజువు పోయింది, పనిముట్టు మిగిలింది. 1990లలో థాంప్సన్, డౌస్‌ల్యాండ్ దాన్నే సిమ్యులేటెడ్ ఎనీలింగ్‌తో కలిపి స్వాన్సీ యూనివర్సిటీ పరీక్షల టైమ్‌టేబుల్‌కు వాడారు. నాకు ఒకే ఒక్క కదలిక రాయడానికి సమయం ఉందంటే ఇదే రాస్తాను.

దీనికి తోడు రెండు స్లాట్లలోని పేపర్లన్నిటినీ మొత్తంగా అటూ ఇటూ మార్చే కదలిక ఒకటి పెట్టండి. దానివల్లా క్లాష్ రాదు. మొదట్లో జరిమానా వేగంగా పడిపోయేది దానివల్లే.

ఏ కదలికను ఒప్పుకోవాలి అన్నది మిగిలింది. మెరుగయ్యేవి మాత్రమే ఒప్పుకుంటే తొందరగా ఒక గుంటలో ఇరుక్కుంటారు. 1983లో కిర్క్‌పాట్రిక్ బృందం పరిచయం చేసిన సిమ్యులేటెడ్ ఎనీలింగ్‌లో చెడ్డ కదలికనూ కొంత అవకాశంతో ఒప్పుకుంటారు. జరిమానా 10 పెరిగే కదలికను ఉష్ణోగ్రత 20 ఉన్నప్పుడు నూటికి 61 సార్లు, 5 ఉన్నప్పుడు 14 సార్లు ఒప్పుకుంటుంది. 1కి వచ్చేసరికి సుమారు 22,000 సార్లలో ఒక్కసారి. బాగా పనిచేస్తుంది, కాకపోతే మొదటి ఉష్ణోగ్రత, చల్లార్చే వేగం మీ డేటాకు తగ్గట్టు కుదుర్చుకోవాలి, దానికి ఓపిక కావాలి. డ్యూక్ 1993లో ఇచ్చిన గ్రేట్ డెల్యూజ్‌లో ఒక నీటిమట్టం ఉంటుంది. జరిమానా ఆ మట్టం కన్నా తక్కువ ఉన్నంతకాలం ఏ కదలికైనా సరే, మట్టం మాత్రం మెల్లగా దిగుతూ ఉంటుంది. ఎంతసేపు నడపాలో చెబితే చాలు, దిగే వేగం దాన్నిబట్టే వస్తుంది. 2007 అంతర్జాతీయ టైమ్‌టేబులింగ్ పోటీలో పరీక్షల విభాగాన్ని గెలిచిన తోమాష్ మ్యూలర్ క్రమం కూడా ఇదే: ముందు నిర్మాణం, తర్వాత హిల్ క్లైంబింగ్, ఆపైన గ్రేట్ డెల్యూజ్. ఆయన పని యూనిటైమ్ అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థలో ఉంది. సొంతంగా రాయాల్సిన అవసరం లేకపోతే దాన్ని తప్పకుండా చూడండి.

మీకు మాత్రం బర్క్, బైకోవ్‌ల లేట్ యాక్సెప్టెన్స్‌తో మొదలుపెట్టమంటాను. గతంలో వచ్చిన జరిమానాల జాబితా ఒకటి ఉంచుకుంటారు, పొడవు 5,000 అనుకోండి. కొత్త జరిమానా ఇప్పటిదాని కన్నా ఎక్కువ కాకపోయినా, 5,000 అడుగుల (అడుగు అంటే ఒక కదలికను ప్రయత్నించడం) కిందటి దాని కన్నా ఎక్కువ కాకపోయినా ఒప్పుకుంటారు. అంతే. కుదుర్చుకోవాల్సింది ఒక్క పొడవే: పెంచితే నెమ్మదిగా నడిచి మంచి ఫలితం ఇస్తుంది, తగ్గిస్తే తొందరగా తేలుతుంది. కోడ్ పదిహేను లైన్లు దాటదు.

వేగం గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇక్కడే ప్రోగ్రాములు వంద రెట్లు నెమ్మదిస్తాయి. ప్రతి కదలికకూ 12,000 మంది విద్యార్థుల జరిమానా మళ్లీ లెక్కపెట్టకండి. ఇందాక దాచిన ఉమ్మడి విద్యార్థుల సంఖ్యలు ఇక్కడ పనికొస్తాయి. ఒక పేపరు కదిలితే మారేది దానితో గీత ఉన్న పేపర్ల జంటలే. ఒక్కో జంటకు కొత్త ఎడం జరిమానా నుంచి పాత ఎడం జరిమానా తీసి, ఉమ్మడి విద్యార్థుల సంఖ్యతో గుణించి కూడితే మార్పు తేలిపోతుంది. గొలుసులో మూడు పేపర్లు కదిలితే ఒకదాని తర్వాత ఒకటి కదిలినట్టు లెక్కించండి, రెండుసార్లు లెక్కపడే తప్పు రాదు. ప్రతి లక్ష అడుగులకూ ఒకసారి మొత్తం జరిమానాను మొదటి నుంచి లెక్కపెట్టి సరిపోయిందో లేదో చూసే చెక్ పెట్టండి. నా ప్రోగ్రాముల్లో చాలా తప్పులను పట్టిచ్చింది ఈ ఒక్క చెక్కే.

హాళ్ల విషయానికి, ఈ దశలో స్లాట్‌లో ఉన్న మొత్తం సీట్లు దాటకుండా చూసుకుంటే చాలు. ఏ పేపరు ఏ హాల్లో అన్నది తర్వాత స్లాట్ వారీగా, పెద్ద పేపర్ల నుంచి మొదలుపెట్టి సర్దుకోవచ్చు. ఒక పేపరును రెండు హాళ్లలోకి విడగొట్టకూడదన్న నియమం ఉంటే మాత్రం ముందే చూసుకోవాలి.

సాల్వర్లతో (నియమాలు ఇస్తే అత్యుత్తమ జవాబును గణితపరంగా వెతికే రెడీమేడ్ ప్రోగ్రాములతో) ఖచ్చితమైన జవాబు రాదా అని అడగొచ్చు. మొత్తం సమస్యను ఇచ్చేస్తే ఎడం జరిమానా దగ్గర సాధారణంగా చతికిలపడతాయి. కానీ 370 పేపర్లను కదలకుండా బిగించి 30ని మాత్రం వదిలి, ఆ 30కి మంచి చోట్లు వెతకమంటే చక్కగా చేస్తాయి. చివర్లో మెరుగులు దిద్దడానికి వాడుకోండి.

ఫలితాన్ని ఎలా చూపించాలన్నది కూడా మీ పనిలో భాగమే అనుకుంటాను. సగటు జరిమానా ఎంత అందంగా ఉన్నా దాని వెనక ఎవరో ఒక విద్యార్థి రెండు రోజుల్లో నాలుగు పరీక్షలు రాస్తూ ఉండొచ్చు. అందుకే నేను ఎప్పుడూ సగటుతో పాటు అత్యధిక జరిమానా ఉన్న 50 మంది విద్యార్థుల టైమ్‌టేబుళ్లు ప్రింట్ తీసి ఒక్కొక్కటీ కళ్లతో చూస్తాను. వాళ్లలో చాలామందికి ఒకటి రెండు గొలుసులతో ఉపశమనం దొరుకుతుంది. సగటు పిసరంత పెరిగినా నాకు సమ్మతమే. ప్రోగ్రాములో కూడా 24 గంటల్లో మూడు పరీక్షలు పడటానికి విడిగా పెద్ద జరిమానా పెట్టండి. అయితే అది జంటల లెక్కలో ఇమడదు కాబట్టి కదిలిన పేపర్ల విద్యార్థులను మాత్రం విడిగా చూడాల్సి వస్తుంది. కొంచెం నెమ్మదిస్తుంది, నెమ్మదించనివ్వండి.

ఇక మీ రెండో ప్రశ్న, ప్రకటించాక వచ్చే మార్పులు. ఆలస్యంగా రిజిస్టర్ అయినవాళ్లు వస్తారు, కొత్త క్లాష్‌లు బయటపడతాయి. అప్పుడు ప్రోగ్రామును మళ్లీ మొదటి నుంచి నడపడం చాలా పెద్ద తప్పు. నాలుగు క్లాష్‌లు తీయబోయి 300 పేపర్ల తేదీలు మారిపోతాయి. అప్పటికే ప్రయాణాలు పెట్టుకున్నవాళ్లు, చదువుకునే ప్రణాళిక వేసుకున్నవాళ్లు అందరూ నష్టపోతారు. ప్రకటించిన టైమ్‌టేబుల్‌నే ఆరంభంగా తీసుకోండి. ఒక పేపరు ప్రకటించిన స్లాట్ నుంచి కదిలితే దాన్ని రాసే విద్యార్థుల సంఖ్యంత జరిమానా అదనంగా వేయండి, అది ఎడం జరిమానాల కన్నా బాగా ఎక్కువ బరువుతో ఉండాలి. అయిపోయిన పరీక్షలను, ప్రశ్నపత్రాలు ఇప్పటికే బయల్దేరిన పరీక్షలను కదలకుండా బిగించండి. తర్వాత క్లాష్ ఉన్న ఒక్కో పేపరుకూ అన్ని స్లాట్లకూ కెంపే గొలుసులు వేసి చూసి, అతి తక్కువ మంది విద్యార్థులను కదిపేదాన్ని ఎంచుకోండి. మీ పరిమాణంలో ఇది సెకన్ల పని. ఫలితాన్ని నేరుగా అమలు చేయకుండా మూడు ప్రత్యామ్నాయాలుగా, ఏ పేపరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళుతుంది, ఎంతమందికి తేదీ మారుతుంది అన్న వివరంతో పరీక్షల విభాగానికి ఇవ్వండి. వాళ్లకు తెలిసి మీ డేటాలో లేని కారణంతో మొదటిదాన్ని కాదని రెండోదాన్ని ఎంచుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఆ కారణమేమిటో అడిగి, వచ్చే సెమిస్టర్‌కు దాన్ని నియమంగా చేర్చుకోండి.